జూన్ దాకా మంచు పడదన్న మనిషి

కైల్‌బర్న్, ఒటాగో
28 ఏప్రిల్ 1957

ప్రియమైన అత్తా,

చేరాను. రైలు రాన్‌ఫర్లీలో దింపితే, అక్కడి నుంచి మీగడ క్యాన్ల లారీలో క్యాన్ల మధ్య కూర్చుని ఊళ్ళోకి వచ్చాను. నువ్వు పుట్టి పెరిగిన ఊరని తెలిసే ఈ బడికి దరఖాస్తు పెట్టుకున్నాను. సంతోషిస్తావనుకుంటే మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఎందుకో ఇప్పటికీ నాకు తెలీదు.

బడి ఒకటే గది. పద్నాలుగు మంది పిల్లలు, ఒక బొగ్గుల పొయ్యి. నాకంటే ముందున్న మేష్టారు చర్చి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు కాబట్టి నాకీ ఉద్యోగం దొరికింది. బడి కమిటీ పెద్ద గ్రీవ్ గారు నా గురించి నాలుగు మంచి ముక్కలు రాస్తే ఏడాది చివర పర్మనెంటు చేస్తారట. నాలుగు ముక్కలు రాసే మనిషిలా కనపడడు. ఆయన కూతురు మేసీ రెండో తరగతి. తండ్రి మాట్లాడనివన్నీ కలిపి ఆ పిల్లే మాట్లాడుతుంది.

ఇక శుక్రవారం సంగతి నువ్వు వేరే ఎవరి ద్వారానో వినకముందే నేనే చెబుతాను. లెక్కలు చెబుతుంటే కిటికీలోంచి తెల్లగా ఏదో రాలడం కనిపించింది. అత్తా, నేను పుట్టి ఇరవై రెండేళ్ళు. గిస్బోర్న్‌లో నాకు తెలిసిన చల్లదనమల్లా మన వీధి చివరి ఐస్‌క్రీం కొట్టు. సుద్దముక్క అక్కడే పడేసి బయటికి పరిగెత్తాను. చేతులు చాచాను. నోరు కూడా తెరిచాను. ఎంతసేపు అలా తిరిగానో తెలీదు గానీ, వెనక్కి చూస్తే పద్నాలుగు మొహాలు కిటికీకి ఆనుకుని ఉన్నాయి, మంచుని చూడ్డానికి కాదు. మేసీ నా టోపీ పట్టుకుని బయటికొచ్చింది.

"సార్, ఇది అసలు మంచు కాదు. నాలుగు రేకులు రాలి ఆగిపోయే ఉత్త తుంపర. టోపీ పెట్టుకోండి."

నాకు భయం వేసింది. ఈ తుంపర ముదిరి పిల్లలు దార్లో చిక్కుకుంటే? పదకొండింటికి బడి మూసి ఇళ్ళకు పంపేశాను. పదకొండున్నరకు తల్లులు పిల్లల్ని రెక్క పట్టుకుని తిరిగి తీసుకొచ్చారు. అప్పటికి ఎండ కాస్తోంది.

నేనుంటున్నది జీన్ టెయిట్ గారనే వితంతువు ఇంట్లో. వెనక గదిలో ఆవిడ అన్నగారు వాటీ హాడో. యాభై దాటాయి, పెళ్ళి లేదు. ఊళ్ళో వాతావరణం సంగతి ఏదైనా ఆయన్నే అడుగుతారు, పెళ్ళి ముహూర్తాలు కూడా ఆయన ఆకాశం చూసి చెప్పాకే. భోజనాల దగ్గర ఆయన అన్నాడు, "మేష్టారూ, తుంపరకి బడి మూస్తే ఏడాదికి అరవై రోజులు సెలవే. అసలు మంచు జూన్ దాకా పడదు, చలికాలం అప్పుడే కదా మొదలు."

ఓట్స్ జావలో ఉప్పు వేసి పెడుతున్నారు. చక్కెర అడిగాను. ఇంకెప్పుడూ అడగను.

నీ మేనల్లుడు
లాక్లన్

తా.క. నువ్వు ఈ ఊరి పిల్లవని ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పి అందరినీ ఆశ్చర్యపరుస్తాను.

*

గిస్బోర్న్
5 మే 1957

ఒరే లాక్లన్,

నీ ఉత్తరం నిన్న చేరింది. అంటే ఆ తాజాకలం సంగతి అప్పటికే అయిపోయి ఉంటుంది. ఒకవేళ ఏ కారణం చేతైనా చెప్పకపోయుంటే చెప్పకు. నాకు ఊరే లేదని చెప్పు. అనాథాశ్రమంలో దొరికానని చెప్పు.

వాటీ హాడో అన్నావు. పొడుగ్గా ఉంటాడా, ఎడమ చెవి కాస్త బయటికి ఉంటుందా, మాట అడిగితే ముందు పైపు నింపుకుంటాడా? అయితే అతనే. ఆ మనిషికి వాతావరణం గురించి ఏమీ తెలీదు. ఊరంతా అతన్ని నమ్ముతోందంటే ఆ ఊరు నేను వదిలి వచ్చినప్పటి కంటే తెలివి తక్కువైందన్నమాట. నా మాట విను. అతను ఎండ అంటే గొడుగు పట్టుకో. జూన్ దాకా పడదు అన్నాడంటే మే నెలలో పార పక్కన పెట్టుకుని పడుకో.

మంచు ఎప్పుడు పడుతుందో చెప్పేది మనుషులు కాదురా, గొర్రెలు. కొండ మీది మంద ఎవరూ తోలకుండానే వరస కట్టి దిగుతూ కంచె దాకా వచ్చిందంటే, గాలి ఆగిపోయిందంటే, ఇంక ఆలోచించకు. పిల్లల్ని పంపెయ్.

పొట్లం పంపుతున్నాను. లోపల తొడుక్కునే ఉన్ని లాగులు ఐదు, మోకాళ్ళ దగ్గర రెండు వరసలు కుట్టాను. తొడుక్కోడానికి సిగ్గుపడకు. చేతులు చాచి నోరు తెరిచి వీధిలో తిరిగినవాడికి ఇంకా సిగ్గేమిటి?

ఇక్కడ బత్తాయిలు పసుపు రంగు తిరుగుతున్నాయి. మీ నాన్న నిన్న మొదటిసారి పెట్టెలోంచి స్వెటర్ తీశాడు, ఉక్కగా ఉందని మళ్ళీ లోపల పెట్టేశాడు.

టెయిట్ గారికి నా నమస్కారాలు చెప్పకు.

అత్త

*

కైల్‌బర్న్
11 మే 1957

అత్తా,

చెప్పేశాను. నీ ఉత్తరం రావడానికి పదకొండు రోజుల ముందే.

"మా అత్త ఇష్బెల్ పర్డీ ఈ ఊరే" అన్నాను. టెయిట్ గారు గరిటె కింద పెట్టారు. వాటీ తింటున్న ముక్క కంచంలో వదిలి లేచి, పెరట్లోకి వెళ్ళి కట్టెలు కొట్టడం మొదలుపెట్టాడు. రెండు గంటలు కొట్టాడు. ఆగస్టు దాకా సరిపోతాయి. ఆయనకి నీ మీద అంత కోపం ఎందుకు?

టెయిట్ గారు మాత్రం, "మీ అత్తకి ఆ పొగరు ఇంకా ఉందా బాబూ?" అని అడిగారు. ఏం చెప్పను? ఉందన్నాను.

ఇక నీ గొర్రెల సంగతి. గురువారం పొద్దున నీ ఉత్తరం జేబులో పెట్టుకునే బడికి వెళ్ళాను. పదిన్నరకి కిటికీలోంచి చూస్తే కొండ మీంచి గొర్రెలు వరస కట్టి దిగుతున్నాయి. గాలి లేదు. నాలుగు తెల్ల రేకులు కూడా రాలాయి. ఇంక ఆలోచించొద్దన్నావు కాబట్టి ఆలోచించలేదు. బడి మూశాను.

గొర్రెల్ని గ్రీవ్ గారి కుక్కలు తోలుకొస్తున్నాయట. పేనుమందు నీళ్ళలో ముంచడానికి. కుక్కలు గట్టు అవతల ఉంటే నాకెలా కనిపిస్తాయి?

గ్రీవ్ గారు పొలం నుంచి నేరుగా బూట్లతో వచ్చాడు. "మేష్టారూ, ఇది రెండోసారి. మూడోసారి కూడా తుంపరకి బడి మూశారంటే నేను పై వాళ్ళకి ఉత్తరం రాస్తాను" అన్నాడు. ఆయన నాతో మాట్లాడిన మొదటి మాటలివి. నాలుగు ముక్కలు రాస్తాడనుకున్నది ఇందుకన్నమాట.

లాగులు వచ్చాయి. పోస్టాఫీసులో పురికొస తెగి పొట్లం విప్పుకుంది. పోస్టమ్మ వాటిని మళ్ళీ మడతపెట్టి ఇచ్చేలోపు స్టాంపులు కొనడానికి వచ్చిన ఆరుగురు చూశారు. శుక్రవారం మేసీ నాతో, "సార్, ఆ రెండు వరసల కుట్టు మీ అత్తే వేశారా? మా అమ్మ నమూనా అడుగుతోంది" అంది.

ఇవాళ్టి నుంచి రెండు వారాల సెలవులు. ఇంటికి రావడం లేదు. వాటీ, ఇంకో ఇద్దరు ఎగువ కొండల మీది మందని దింపడానికి వెళ్తూ నన్నూ రమ్మన్నారు. వాళ్ళతో వెళ్తే మళ్ళీ కుక్కలకీ మంచుకీ తేడా తెలియకుండా పోదు కదా.

లాక్లన్

*

గిస్బోర్న్
17 మే 1957

లాక్లన్,

నాకు పొగరా? సరే. నువ్వు ఇరవై రెండేళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, ఆ టెయిట్ గారి మాటలు విని నువ్వు నా గురించి ఇంకేదో ఊహించుకునే ముందు.

అది 1935, మే నెల. నాకు ఇరవై ఆరు. రాన్‌ఫర్లీలో ఒక పెళ్ళికూతురికి గౌను కుట్టాను. దాన్ని అందించాలి. వాటీ తన గుర్రపుబండిలో తీసుకెళ్తానన్నాడు. బయల్దేరే ముందు ఆకాశం చూపించి అడిగాను, "మంచు పడేలా లేదూ?" అని. పైపు నింపుకుని, "జూన్ దాకా పడదు" అన్నాడు.

సగం దారిలో పట్టుకుంది. తుంపర కాదురా, నీ మొహం నీకు కనపడని మంచు. ఎవరిదో మందకాపరుల గుడిసె కనిపిస్తే అందులోకి దూరాం. బండిలో ఒకటే దుప్పటి ఉంది. దాన్ని తీసుకెళ్ళి గుర్రానికి కప్పాడు. మూలనున్న కట్టెలు వెలిగిస్తే, తడిసినవేమో, పొగే గానీ మంట రాలేదు. నేను చలికి నీలంగా అయిపోతున్నాను. ఇంక గతిలేక పెట్టె విప్పి పెళ్ళిగౌను తీసి కోటు మీదుగా తొడుక్కున్నాను. దళసరి శాటిన్, లోపల రెండు వరసల లైనింగు. అందువల్లే బతికాను.

ఏడు గంటలు ఆ గుడిసెలో. ఏడు గంటలూ అతను గొర్రెల కాళ్ళ జబ్బు గురించి చెప్పాడు. గిట్ట ఎలా మెత్తబడుతుందో, ఎలా కోయాలో. సాయంత్రానికి ఊళ్ళోవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి తలుపు తోశారు. చర్చి ఫాదరు, పోస్టుమాస్టరు, ఇంకో నలుగురు. వాళ్ళకి కనిపించింది పెళ్ళిగౌనులో నేను, నా పక్కన వాటీ హాడో. ఫాదరు టోపీ తీసి, "నేను రాకముందే అయిపోయిందా?" అన్నాడు.

ఊరంతా అదే మాట. మర్నాడు వాటీ కోటు వేసుకుని మా ఇంటికొచ్చాడు. "ఊళ్ళో వాళ్ళు ఇలా అంటున్నారు కాబట్టి, మనం చేసుకుంటే పోతుందేమో" అన్నాడు. నా మీద జాలి చూపించాడన్నమాట. జాలిపడి ఎవరూ నన్ను పెళ్ళాడక్కర్లేదు. అదే వారం మీ నాన్న టెలిగ్రాం వచ్చింది, మీ అమ్మ పోయిందని, నువ్వు నెలల పిల్లాడివని. ఆర్నెల్లకని రైలెక్కాను.

ఇదీ నా పొగరు. ఆకాశం చూడ్డం రాని మనిషి, జాలితో పెళ్ళాడతానన్న మనిషి. అతన్ని నేను పూర్తిగా మర్చిపోయానని చెప్పు.

అత్త

తా.క. మేసీ వాళ్ళమ్మకి నమూనా వేరే కవరులో పంపుతున్నాను.

*

కైల్‌బర్న్
25 మే 1957

అత్తా,

నీ మాట చెప్పాను. "మా అత్త మిమ్మల్ని పూర్తిగా మర్చిపోయిందట" అన్నాను. వాటీ పైపు నింపుకుని, "మర్చిపోయానని ఎనిమిది వందల మైళ్ళ నుంచి కబురు పెట్టిందా?" అన్నాడు. తర్వాత చాలాసేపు ఉత్సాహంగా ఉన్నాడు. నాకు అర్థం కాలేదు.

నీ ఉత్తరం భోజనాల బల్ల మీద మర్చిపోయి పడుకున్నాను. పొద్దున టెయిట్ గారు జావ వడ్డిస్తూ, "ఆ గౌను సంగతి నాకు తెలుసు గానీ, దుప్పటి గుర్రానికి కప్పాడని మాత్రం ఇప్పుడే తెలిసింది" అని అన్నగారి వైపు చూశారు. ఆయన కంచంలో ఆ పూట జావ మామూలు కంటే సగమే పడింది.

నీకొక సంగతి చెప్పాలి. నువ్వు కోప్పడతావు. తొమ్మిది రోజులు కొండ మీద ఆయనతో తిరిగాను. అత్తా, వాటీ హాడోకి ఆకాశం చూడ్డం వచ్చు. అందరికీ తెలిసినట్టు కాదు. గంటల్లో చెబుతాడు. మూడో రోజు, "రెండింటికి తుంపర, మూడింటికి ఆగుతుంది" అన్నాడు. నేను గడియారం పట్టుకుని కూర్చున్నాను. రెండూ పదికి మొదలైంది. "గడియారం పది నిమిషాలు ముందుంది మేష్టారూ" అన్నాడు. నిజంగానే ముందుంది. తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇంకో సంగతి. ఒకచోట చిన్న రాతిగుడిసె కనిపిస్తే అందరం ఆగి టీ కాచుకున్నాం. వాటీ ఒక్కడూ లోపలికి రాలేదు. బయట గాలిలో నిలబడి తాగాడు. కొండ దిగి వచ్చి నీ ఉత్తరం చదివాక అడిగాను, "ఇంత తెలిసిన మీరు ఆ రోజు ఎలా తప్పారు?" అని. పైపు నింపాడు, వెలిగించాడు, ఆర్పాడు, మళ్ళీ నింపాడు. చివరికి, "గాలి మారింది" అన్నాడు.

పోనీలే అత్తా. ఒక్కసారి ఎవరైనా తప్పుతారు. ఇకనుంచి వాతావరణం విషయంలో నేను ఆయన మాటే వింటాను.

చలి బాగా ముదిరింది. నా దుస్తులన్నీ ఒకేసారి తొడుక్కుని ఈ ఉత్తరం రాస్తున్నాను. లాగులు కూడా, రెండు.

లాక్లన్

*

గిస్బోర్న్
1 జూన్ 1957

లాక్లన్ పర్డీ గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు ఆ వైపు చేరిపోయినందుకు సంతోషం. తొమ్మిది రోజుల పరిచయం ముందు ఇరవై రెండేళ్ళు మీకు అన్నం పెట్టిన మనిషి మాట ఏపాటిది?

గాలి మారిందట. గాలి ఎప్పుడూ మారుతుంది. అది మారుతుందని ముందే తెలుసుకోవడాన్నే కదా ఆకాశం చూడ్డం అంటారు.

అతని మాటే వినండి. మెడలోతు మంచులో కూరుకుపోయాక నాకు ఉత్తరం రాయకండి, తపాలా వాడు అంత దూరం రాలేడు.

ఇక్కడ అందరూ కులాసా. మీ నాన్న కాలు మీద కాలు వేసుకుని నిద్రపోతున్నాడు. ఈ ఉత్తరం చదివి వినిపిస్తే నిద్రలోనే నవ్వాడు. అతనితో కూడా మాట్లాడ్డం మానేశాను.

ఇట్లు,
కుమారి ఇష్బెల్ పర్డీ, దర్జీ

*

కైల్‌బర్న్
9 జూన్ 1957

అత్తా,

ముందే చెబుతున్నాను, అందరూ క్షేమం. అది గుర్తుపెట్టుకుని మిగతాది చదువు.

గురువారం పొద్దున జావ తాగుతూ వాటీ అన్నాడు, "మేష్టారూ, ఇవాళ ఒంటిగంటకి పడుతుంది. పన్నెండుకి బడి మూసెయ్యండి."

"తుంపరా?"

"కాదు. మంచు."

సరేనన్నాను. వెళ్ళాను. పన్నెండయింది. బయటికి చూస్తే అవే రేకులు, నాలుగిక్కడ, నాలుగక్కడ. గాలి కూడా లేదు. గోడ మీద గంట కొట్టే తాడు పట్టుకుని నిలబడ్డాను. గ్రీవ్ గారి బూట్లు గుర్తొచ్చాయి. మూడోసారి అన్నాడు. మేసీ కిటికీలోంచి చూసి, "తుంపరే సార్" అంది. తాడు వదిలేశాను. ఇంకో అరగంట చూద్దామనుకున్నాను, పన్నెండున్నరకి మళ్ళీ అదే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అత్తా, పిల్లల కంటే నన్ను చూసి ఊరు నవ్వుతుందని ఎక్కువ భయపడ్డాను. ఆ అరగంట రాత్రుళ్ళు కూడా నన్ను వదలడం లేదు.

ఒంటిగంటకి మొదలైంది. ఒంటిగంటన్నరకి గేటు కనపడటం మానేసింది. ఫోను తీగ తెగింది. బొగ్గులు ఒక బకెట్టు ఉన్నాయి. పిల్లల్ని పొయ్యి చుట్టూ కూర్చోబెట్టి లెక్కపెట్టాను. పదమూడు. మళ్ళీ లెక్కపెట్టాను. పదమూడు. మేసీ లేదు.

"గుర్రానికి దుప్పటి కప్పొస్తానని వెళ్ళింది సార్" అన్నారు పిల్లలు. పిల్లలు ఎక్కి వచ్చే గుర్రాల్ని కట్టే పాక బడికి వెనకాల నలభై అడుగులు. రోజూ చూసే నలభై అడుగులు ఆ పూట లేవు.

గంట తాడు కోసి, పిల్లల ఆటతాళ్ళు దానికి ముడేసి నడుముకి కట్టుకున్నాను. రెండో కొస పెద్ద పిల్లలు నలుగురికి ఇచ్చి, మిగతా వాళ్ళని ఒక్కొక్కరూ వంతులేసుకుని బల్లెక్కి గంట నాలుకని చేత్తో కొడుతూ ఉండమన్నాను. తలుపు తీశాను. చెయ్యి చాపితే నా చెయ్యే కనపడలేదు. రెండుసార్లు పడ్డాను. ఒకసారి గోడకి కొట్టుకున్నాను, అది మరుగుదొడ్డి అని తర్వాత తెలిసింది. చివరికి చేతికి వెచ్చగా ఏదో తగిలింది. గుర్రం మూతి.

మేసీ గుర్రం పొట్ట కింద గడ్డిలో కూర్చుని ఉంది. దుప్పటి సగం గుర్రానికి, సగం తనకి. ఏడవడం లేదు. నన్ను చూసి, "సార్, ఇది తుంపర కాదు" అంది. తర్వాత, "టోపీ ఏది?" అంది. అప్పుడు ఏడ్చింది నేను. ఆ పిల్ల చూడలేదనే అనుకుంటున్నాను.

చంకనెత్తుకుని తాడు పట్టుకుని తిరిగొచ్చాను. రెండున్నరకి బయట గుర్రం సకిలించింది. వాటీ. చక్రాల్లేని చెక్క బండి, దానికి కట్టిన ముసలి బండిగుర్రం. గంట మోత పట్టుకుని వచ్చాడట. పిల్లల్ని దుప్పట్లలో మూటలు కట్టినట్టు కట్టి, రెండు విడతల్లో ఒక్కొక్కర్నీ ఇంటి గుమ్మంలో దింపాడు. రెండో విడతలో నేనూ ఉన్నాను. గ్రీవ్ గారి గుమ్మంలో ఆయన మేసీని అందుకుని తన కోటులో చుట్టుకున్నాడు. నేను, "తప్పు నాది, పన్నెండుకే మూయాల్సింది, మీకు భయపడి మూయలేదు" అన్నాను. ఆయన నా వైపు చూడకుండా, "తప్పు ఇద్దరిదీ" అన్నాడు. లోపలికి వెళ్తూ ఆగి, "ఇకనుంచి మీకు ఎప్పుడు మూయాలనిపిస్తే అప్పుడు మూయండి. నన్నడక్కండి" అన్నాడు.

ఇప్పుడు రెండో సంగతి.

ఇంటికొచ్చాక వాటీ, నేను పొయ్యి ముందు కూర్చుని చేతులు కాచుకుంటున్నాం. టెయిట్ గారు వంటింట్లో చప్పుళ్ళు చేస్తున్నారు. నేను ఉండబట్టలేక అన్నాను, "ఒంటిగంట అన్నారు. సరిగ్గా ఒంటిగంటకి పడింది. మీరు ఆ రోజు తప్పారంటే నేను నమ్మను."

పైపు కోసం జేబులో చెయ్యి పెట్టాడు. పైపు బండిలో పడిపోయింది. ఇంక తప్పించుకోవడానికి ఆయనకి ఏమీ దొరకలేదు.

"గాలి మారలేదు మేష్టారూ. పొద్దున ఆరింటికే తెలుసు నాకు, పదకొండుకి పడుతుందని."

"మరి జూన్ దాకా పడదని ఎందుకన్నారు?"

"పడుతుందంటే తను బండెక్కేది కాదుగా."

ఒక కట్టె పొయ్యిలోకి తోశాడు. "రాన్‌ఫర్లీకి గంటన్నర. గంటన్నరలో నేనేం అడగగలను? నాకు నోరు తిరగాలంటే టైము పడుతుంది. గుడిసె ఉందని తెలుసు. అందులో కట్టెలు కూడా ముందురోజే వేసొచ్చా. ఓ మూడు నాలుగు గంటలు దొరికితే అడగొచ్చనుకున్నా."

"ఏడు గంటలు దొరికాయి కదా?"

"దొరికాయి. రెండు గంటలయ్యేసరికి కాస్త ధైర్యం వచ్చింది. నోరు తెరుద్దామనుకునేసరికి తను ఆ గౌను తొడుక్కుంది. ఇంక నా వల్ల కాలేదు మేష్టారూ. నోట్లోంచి గొర్రెల కాళ్ళు తప్ప ఇంకేం రాలేదు."

"మర్నాడైనా అడిగారు కదా."

"అడిగా. ఊళ్ళోవాళ్ళు ఏమంటున్నారో అక్కణ్ణుంచి మొదలుపెట్టా. అక్కణ్ణుంచి మొదలుపెట్టకూడదు."

నేను ఇది నీకు రాయనని మాట తీసుకున్నాడు. ఇచ్చాను. వంటింట్లోంచి టెయిట్ గారు, "రాయి బాబూ, రాయొద్దని అడగడానికే ఆయనకి ఇరవై రెండేళ్ళు పట్టింది. ఇంక రాయమని అడగడానికి ఎంతకాలం పడుతుందో" అన్నారు. వాటీ లేచి పెరట్లోకి వెళ్ళాడు. కొట్టడానికి కట్టెలు మిగల్లేదు, ఊరికే నిలబడి వచ్చాడు.

అందుకని రాస్తున్నాను.

నీ
లాక్లన్

*

గిస్బోర్న్
16 జూన్ 1957

ఒరే నాయనా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి పిల్లల కోసం, రెండోసారి నీ కోసం. మూడోసారి ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

ఆ అరగంట గురించి అన్నావు. అది నిన్ను వదలదు, వదలకూడదు కూడా. కానీ తలుపు తీసుకుని బయటికి వెళ్ళావు చూడు, అది నేను పెంచినవాడే. టోపీ లేకుండా వెళ్ళావు, అది మీ నాన్న పెంపకం.

ఇప్పుడు ఆ మనిషి సంగతి. ఇరవై రెండేళ్ళుగా అతను తెలివితక్కువవాడని కోపం పెట్టుకున్నాను. ఆకాశం చూడ్డం రాని మనిషికి, జాలితో పెళ్ళాడతానన్న మనిషికి సరిపడా కోపం. దాన్ని బాగా అలవాటు చేసుకున్నాను, ఎక్కడా బిగుతు లేకుండా ఒంటికి సరిపోయింది. ఇప్పుడు అతను తెలివితక్కువవాడు కాదట. అబద్ధాలకోరట. కట్టెలు ముందురోజే వేసొచ్చాడట. కావాలని నన్ను మంచులోకి తీసుకెళ్ళి, కుట్టడానికి పదకొండు రోజులు పట్టిన గౌను పాడు చేయించి, చర్చి ఫాదరు ముందు నన్ను అలా నిలబెట్టి, చివరికి అడగవలసిన మాట అడగలేకపోయాడు. జాలి కాదట. జాలి కాకపోతే ఆ మాట నోటితో చెప్పడానికి ఏం రోగం?

కాబట్టి నేను మళ్ళీ మొదట్నుంచి కోపం తెచ్చుకోవాలి. అది ఉత్తరాల్లో కుదరదు. మొహం చూస్తూ తిట్టాలి.

టికెట్టు కొన్నాను. దుకాణానికి తాళం వేసి తాళంచెవి మీ నాన్నకి ఇచ్చాను. "ఆర్నెల్లకని వచ్చావు, వెళ్ళు" అన్నాడు. నన్ను ఏడిపించడానికే అన్నాడు గానీ, తర్వాత నా పెట్టె తనే కట్టాడు, కట్టడం రాక మూడుసార్లు విప్పాడు. వెల్లింగ్‌టన్‌లో ఓడెక్కి, అవతల రైలు పట్టుకుని, డునెడిన్‌లో మారి, ఇరవై ఏడో తారీఖు గురువారం మధ్యాహ్నం రాన్‌ఫర్లీలో దిగుతాను. నా పాత చలికోటు ఇంకా సరిపోతోంది. బొత్తాలు ఒక అంగుళం జరిపాను.

ఎన్నాళ్ళుంటానో తెలీదు. తిట్టడానికి ఎంతకాలం పడుతుందో ముందుగా చెప్పలేను. టెయిట్ గారిని నా కోసం గది సర్దమని చెప్పు, ఆవిడతో కూడా ఆ పొగరు సంగతి తేల్చుకునేది ఉంది.

స్టేషన్‌కి రమ్మని వాటీకి చెప్పకు. రైలు టైము మాత్రం చెప్పు.

ఇష్బెల్ అత్త